పాకని సిరా

ప్యారిస్ కార్నర్‌లో దిగి ఈవినింగ్ బజార్ సందులోకి తిరిగితే
గుండీల కొట్టు పక్కన రెండు బారల పెన్నుల కొట్టు.
నాలుగు కొన్నాను. అయిదోది కొట్టతను ఊరికే ఇచ్చాడు,
"టెస్ట్ పణ్ణి పారుంగ అక్కా" అంటూ.
ఊరికే వచ్చినదాన్ని నమ్మకూడదని తెలిసీ
సంచీలో వేసుకున్నాను.

బొంత ధనకోటికి.
అంబత్తూరు యూనిట్‌లో ఇరవై రెండేళ్లు కాలర్లు తిప్పిన మనిషి
ఈ నెలాఖరుకి మిషను దిగుతోంది.
కళ్లు. దారం సంగతి అలా ఉంచు,
సూదే కనబడటం లేదంటుంది.
లైనులో పదిహేడుమందిమి.
తలా ఒక చదరం మీద తలా ఒక పేరు రాయాలనీ
ఆ గీత మీదే నేను ఉబ్బెత్తుగా కుట్టాలనీ
టీ గంటలో తీర్మానం.
వేళ్లతో చదువుకుంటుందని.

ఆదివారం పాత దుప్పటి చింపి బాల్కనీలో కూర్చున్నాను.
జెల్ పెన్నుతో చుక్క పెడితే
చూస్తుండగానే కాళ్లొచ్చి సాలెపురుగైంది.
లావు మార్కరు ఒంటి మీద శాశ్వతం అని రాసుంది.
నిజమే. రెండు మడతలు దాటి నా చీర దాకా శాశ్వతం.
నీలందాని మీద నీళ్లు చల్లితే బుద్ధిగా పోయింది,
ముందే ఇస్త్రీ తగిలితే మాత్రం
గంగలో ముంచినా వదలదు, మొండిఘటం.
వేడికి మాయమయ్యేదొకటి ఉంది. మాయమైంది.
ఎందుకో అనుమానమొచ్చి ఆ ముక్కని
ఫ్రీజర్లో ఐసు ట్రే కింద పెట్టి పడుకున్నాను.
పొద్దున్నే పాలకని తలుపు తీస్తే
గీత తిరిగొచ్చి కూర్చుంది, అలక తీరినట్టు.

ఇస్త్రీ సెక్షన్ లోకమ్మ విని నవ్వింది.
"పెన్నులు మారుస్తావేమే, ముందు గుడ్డ ఆకలి తీర్చు.
గంజి తాగిన గుడ్డ సిరా తాగదు."
ఆ రాత్రి కుక్కర్ పక్కన పెట్టి
ఎన్నో ఏళ్ల తర్వాత అన్నం వార్చాను.
పల్చటి గంజిలో చదరాలు ముంచి
మేడ మీద తీగకి క్లిప్పులు పెడితే
అప్పడాల్లా బిర్రబిగిశాయి.
నీలం పెన్నుతో గీస్తే గీత గీతలాగే నిలబడింది,
వెంట్రుకవాసి అటూ ఇటూ పాకలేదు.

అందరూ రాశారు. హసీనా కుడి నుంచి ఎడమకి,
ప్రేమావతి నాలిక బయటపెట్టి,
సెల్వరాణి తమిళంలో, పక్కనే ఒక చిలక.
రాత్రి మూట విప్పితే పదహారు పేర్లు.
ఒక చదరం తెల్లగా, ఏమీ ఎరగనట్టు.
ఊరికే వచ్చిన ఆ ఊదా పెన్ను!
గాలి తగిలితే ఆరిపోయే రకమట.
మద్రాసు గాలి సంగతి తెలిసిందేగా,
ఉప్పు డబ్బాలో కూడా చెరువు తవ్వుతుంది,
సెల్వరాణి చిలకని రెక్కలతో సహా ఎత్తుకుపోయింది.

ఫోన్ లైటు ఏటవాలుగా పట్టాను.
గంజికి బిగిసిన గుడ్డ మీద
పెన్ను ములుకు నొక్కిన గాడి,
వెంట్రుకంత నీడ.
పన్నెండింటి దాకా ఆ నీడ వెంటే సూది నడిచింది.
చిలక ముక్కు మాత్రం నా ఊహ.

చల్లటి నీళ్లలో ఒక్క ముంచు,
నీలమంతా పోయి దారమే మిగిలింది.

శనివారం లంచ్ బల్ల మీద బొంత పరిచాం.
ధనకోటి కళ్లు మూసుకునే చదివింది, పేర్లన్నీ.
చిలక దగ్గర కాసేపు ఆగి
"కాకి ఎందుకే ఇక్కడ?" అంది.
తర్వాత తిరగేసింది.
వెనక పొరకి గుడ్డ చాలక
ఆ పరీక్షల దుప్పటి ముక్కే అతుకేశాను,
ఎవరు చూడొచ్చారని.
కంటికి ఆనించి పట్టుకుంది. చాలాసేపు.
"ఇదిగో, ఇంత నల్లగా, కాళ్లూ చేతులూ చాపుకుని...
ఇది కనిపిస్తోందే నాకు!"

ఏం బొమ్మే ఇది, అని అడిగింది.
పెన్ను పరీక్ష అని చెప్పలేక
టీ తెస్తానని లేచాను.